కంచె దాటితే కేసేనా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, స్టేషన్‌లో మనోళ్ళను బెదిరించే ఒక మాట గురించి రాస్తున్నాం. ఆ మాట ‘ట్రెస్‌పాస్’. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన అనంతపురం సీమలో ఏడాదంతా కలిపినా పడే వాన దగ్గరదగ్గర 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ పండని ఏడు మనకు మేకలే బ్యాంకు. ఆ మేకలు బీళ్ళ మీద, గుట్టల మీద బతికేవి. ఇప్పుడు బీళ్ళకు కంచెలు పడ్డాయి, గుట్టలకు గాలిమరలు వచ్చాయి. ఎన్.పి.కుంట సోలార్ పార్కు ఒక్కటే 1500 మెగావాట్ల ప్లాను. కరెంటు వద్దని మేం అనడం లేదు. మేకలు పోయే దోవ ఏదని అడుగుతున్నాం.

పోయిన ఎండాకాలం మా తండా పిల్లోళ్ళు ఇద్దరు మేకల వెనకాల ఒక కంచె సందులోంచి లోపలికి పోయినారు. వాచ్‌మన్ పట్టిచ్చినాడు. పొద్దుగూకేదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, ట్రెస్‌పాస్ కేసు రాస్తే ఉద్యోగాలు రావని బెదిరించి పంపినారు. అదే స్టేషన్‌కు మా పెద్దాయన ఒకాయన పోయి, తన డి.కె.టి. పట్టా చేను గెనిమె దున్ని పక్క రైతు కలుపుకున్నాడని చెప్తే, ‘ఇది సివిల్ మేటర్, కోర్టుకు పో’ అన్నారు. మేం పోతే క్రిమినల్, మా చేలోకి వస్తే సివిల్!

ఈ చూపు ఈనాటిది కాదు. 1871లో తెల్లోళ్ళు రెండు చట్టాలు తెచ్చినారు. ఒకటి, పరాయి చేలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలే చట్టం. ఇంకోటి, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా రాసే చట్టం. 1911 తర్వాత అది మద్రాసు రాజ్యంలో మన ఎరుకలోళ్ళ మీద కూడా పడింది. 1952లో రద్దయింది. చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. పాత ఐపీసీ 441, 447 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 329 అయినాయి. శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. బెయిల్ వచ్చే కేసే. ముఖ్యమైన సంగతి ఏమంటే, ఊరికే అడుగు పెడితే ఈ నేరం కాదు. నేరం చేయాలనో, భూమి చేతిలో ఉన్నోళ్ళను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాల. మేకను తోలుకొచ్చుకోవడం ఆ ఉద్దేశం కాదు. పొమ్మన్నాక మొండికేసి ఉండొద్దు, అంతే.

ఇంకోటి. మనుషులు కాపురముండే డేరా కూడా ఈ చట్టం లెక్కలో ఇల్లే. బెదిరించడానికి మన గుడిసెలోకి దూరితే ఏడాది దాకా జైలు.

మన జిల్లా ఏజెన్సీ కాదు, 1/70 చట్టం ఇక్కడ లేదు. కానీ 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ కానోళ్ళు మన భూమిని అన్యాయంగా ఆక్రమించినా, దున్నినా అది నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష. సివిల్ మేటర్ అంటే ఈ చట్టం పేరు చెప్పండి. ఫిర్యాదు రాసియ్యండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్ ఉచితం, 15100కు ఫోన్ చేయండి.

పట్టా, 1బి, అడంగల్ నకళ్ళు ఇంట్లో పెట్టుకోండి. ఫోన్ లేని పెద్దోళ్ళకు ఇది చదివి వినిపించండి.