పిక్కలు చెప్పిన మాట

డిసెంబరులో ఒకరోజు ఇంకా తెల్లారలేదు. క్లినిక్ షట్టరు కొట్టిన కుర్రాడి మొహం నిండా టూత్‌పేస్టు. వెనకాల మఫ్లరు చుట్టుకున్న తండ్రి. "టిపిన్ బండిలో గేసు అంటుకున్నాది డాక్టరుబాబూ" అన్నాడాయన.

ముందు కుర్రాడి ముక్కులోకి టార్చి వేశాను. వెంట్రుకలు మాడలేదు. ఉమ్మమన్నాను, మసి లేదు. పేరు చెప్పమన్నాను, గొంతు మామూలుగానే ఉంది. లోపల గొంతు కాలితే గంటల్లో వాచిపోతుంది, ఆ తర్వాత ట్యూబు వేద్దామన్నా దారి దొరకదు. అది లేదని తేలాక మనిషిని కుళాయి కింద కూచోబెట్టి ఇరవై నిమిషాలు నీళ్లు పోయించాను. చలికి వణికిపోకుండా వీపు మీద దుప్పటి కప్పాను. పేస్టు, పసుపు, సిరా, బంగాళదుంప తురుము... మా జనం కాలిన చోట రాయనిది లేదు. మేం పుండును చూడాలంటే ముందు వంటగదిని కడగాలి.

పేస్టు కరిగాక మొహం కనిపించింది. కనుబొమలు లేవు. కళ్ల చివర్ల మాత్రం పిట్టకాళ్ల లాంటి తెల్ల గీతలు. మంట లేచిన క్షణంలో కళ్లు గట్టిగా మూసుకున్నాడు, ఆ ముడతల్లో దాక్కున్న చర్మం బతికింది. రెండు చేతుల వెనక భాగం బొబ్బలు. అప్పుడు లుంగీ పైకి తీశాడు. చీలమండల నుంచి మోకాళ్ల దాకా, ముందూ వెనకా, పిక్కల తోలు తడిసిన కాగితంలా జారిపోతోంది. తొడలు శుభ్రంగా ఉన్నాయి.

పొయ్యి నడుము ఎత్తులో ఉంటుంది. పొయ్యి ఎగదన్నితే మొహం, చేతులు, ఛాతీ కాలాలి. పిక్కలకేం పని? అంటే మంట నేల మీంచి లేచింది. బండిని చూడకుండానే బండిలో ఏం జరిగిందో ఆ కాళ్లు చెప్పేశాయి.

"ఎన్నింటికి అంటుకుంది?" అన్నాను. "అయిదుంబావు." అది రాసిపెట్టుకున్నాను. కాళ్లకి పన్నెండు, మొహానికి మూడు, చేతులకి మూడు, మొత్తం ఒంట్లో 18 శాతం తోలు కాలింది. అరవై కిలోల మనిషి. కిలోకి, శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున తొలి 24 గంటల్లో నాలుగు లీటర్ల పైచిలుకు సెలైను ఎక్కాలి, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే. ఆ ఎనిమిది గంటలు ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి లెక్క. బాటిలు మొదలుపెట్టి, అంబులెన్సులో మెకాహారాకి పంపించాను. రాయపూర్లో అంబేడ్కర్ ఆసుపత్రిని అందరూ పిలిచే పేరు అదే.

తండ్రి వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. ఆ షాపు పేరే నా క్లినిక్ ఉన్న ఈ కాలనీ పేరు. వాళ్ల నాన్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చాడట. ఇక్కడ ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. నా దగ్గర హిందీ, ఛత్తీస్‌గఢీ ఎంత వినిపిస్తాయో "ఏటి", "ఓలమ్మ" కూడా అంతే వినిపిస్తాయి. మూడో తరానికి రైల్వే ఉద్యోగాలు అందలేదు, బళ్లు వచ్చాయి. ఛోటా హాథీ అనే చిన్న ట్రక్కు కొని, వెనక రేకుల గది కట్టించి, ఇడ్లీ, దోసె, గుప్‌చుప్ అనే పానీపూరీ. దసరాకి మా మైదానంలో రావణుణ్ణి కాల్చే రోజైతే ఆ చుట్టూ ఎటు చూసినా బండే.

"సిలిండరు ఎలా పెట్టారు?" అని తండ్రినడిగాను.

ఆయన నేల చూపులు చూశాడు. "పడుకోబెట్టినాం బాబూ. సలికి గేసు గడ్డకట్టీసినాది. పడుకోబెడితే మంట బాగొస్తాది."

గ్యాసు గడ్డకట్టదు. సిలిండరులో ఉన్నది ద్రవం, బ్యూటేను, ప్రొపేను కలిసినది. మనం వాడేది దాని మీద తేలే ఆవిరిని. బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే ఉడుకుతుంది కాబట్టి చలిరోజుల్లో ఆవిరి నెమ్మదిగా వస్తుంది. పైగా రెండు పెద్ద పొయ్యిలు ఒకే సిలిండరును లాగేస్తుంటే అది ఇంకా చల్లబడి, ఒంటి మీద మంచు పడుతుంది. అప్పుడు పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి దిగుతుంది. మంట భగ్గుమంటుంది, మనవాడు సంతోషిస్తాడు. ఆ రెగ్యులేటరు, ఆ రబ్బరు గొట్టం మాత్రం ద్రవం కోసం చేసినవి కావు. లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల గ్యాసవుతుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా అంటుకుంటుంది. లెక్క వేసుకోండి, అర లీటరు ఒలికితే ఆ రేకుల గది మొత్తానికి సరిపోతుంది. గాలికన్నా బరువు కనుక పైకి పోదు. నీళ్లలా నేలకి జారి, మూలల్లో నిలబడి, అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తుంది. రాత్రి బండిని మూసిపెట్టారు, కిటికీలు పైన ఉన్నాయి. తెల్లారి తలుపు తీసి కుర్రాడు మడమ లోతు గ్యాసులో నిలబడి లైటరు నొక్కాడు.

వాసన రాలేదా అంటే, జలుబన్నాడు. వాసన కోసం మెర్కాప్టాన్ కలుపుతారు నిజమే. కానీ జలుబు ముక్కు పసిగట్టదు, కొంతసేపయ్యాక మంచి ముక్కు కూడా అలవాటు పడిపోతుంది.

ఇంతకుముందు ఒకసారి ఇంకో బండివాడు కారుతున్న వాల్వును బొటనవేలితో నొక్కిపెట్టి వచ్చాడు. వేలు తెల్లగా, కొయ్యలా ఉంది. కాలలేదు, గడ్డకట్టింది. ఆవిరైపోతూ ద్రవం వేడినంతా లాగేసుకుంటుంది. వానాకాలంలో ఒకావిడ తలనొప్పి, వాంతులతో వచ్చింది. జల్లు పడుతోందని అన్ని తలుపులూ వేసుకుని మూడు గంటలు బిర్యానీ వండింది. వేలికి పెట్టిన ఆక్సీమీటరు 98 చూపించింది. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని ఆ పరికరం ఆక్సిజనే అనుకుంటుంది. ఆ అంకెను నమ్మి ఇంటికి పంపిన రోజులు నాకూ ఉన్నాయి.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై యార్డులో ఆగి ఉన్న రైలు పెట్టె తగలబడి 9 మంది పోయారు. లక్నో నుంచి వచ్చిన యాత్రికులు. నిబంధనలకు విరుద్ధంగా సిలిండరు ఎక్కించి పెట్టెలోనే వంట పెట్టుకున్నారు. నా క్లినిక్‌కి వచ్చే రైల్వేవాళ్లు ఆ వార్త చదివి నెల రోజులు తిట్టారు, ఆ యాత్రికుల్ని. కొడుకు ఆసుపత్రిలో ఉండగా పెద్దాయనకి అదే గుర్తుచేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "పెట్రోలు మోసిన ట్యాంకు వేగనుకి వెల్డింగు పెట్టాలంటే ముందు ఆవిరితో కడగాలి బాబూ. అన్నీ తెలిసినోణ్ణే. ఇంటి బండి కాడికొచ్చేసరికి..."

కుర్రాడి పిక్కలకి తొడ తోలు తీసి అతికారు. బండి మళ్లీ కట్టింది తండ్రే. ఫిబ్రవరిలో చూసి రమ్మని కబురు పెట్టాడు, వెళ్లాను. వెనక చివర సిలిండర్ల కోసం ఇనుపగది. వంట వైపు గట్టి రేకు, చీమ దూరే సందు లేదు. తలుపు బయటికి తెరుచుకుంటుంది. అడుగున వేలెడు వెడల్పు చీలికలు తీసి జాలీ వేశాడు, కారిన గ్యాసు రోడ్డు మీదికే జారిపోతుంది. రెండు నీలం సిలిండర్లు, 19 కిలోలవి, నిటారుగా, ఒక్కోదానికీ రెండు పట్టీలు. ఇంటి ఎర్ర సిలిండరు చవకని వాడటం మానేశాడు. ఖాళీది కూడా నిండుదానిలాగే మూత పెట్టి లోపలే కట్టేశాడు. పొయ్యిల దాకా ఇనుప పైపు, చివర మాత్రం జానెడు గొట్టం. సిలిండరు మెడ దగ్గర ఉన్న బి-27ని వేలితో చూపించి, "2027లో ఏప్రిల్, మే, జూన్. అది దాటితే మళ్లీ టెస్టు" అని నాకే పాఠం చెప్పాడు. నాకు తెలియదు మరి. డ్రైవరు సీటు పక్కన అట్టముక్క మీద తెలుగులో రాశాడు: "బండి కదిలే ముందు వాల్వు కట్టు."

మంటలార్పే ఎర్ర డబ్బా తలుపు దగ్గర ఉంది, పొయ్యి వెనక లేదు. అది నన్నడిగి చేసిన పని. మంట దాటి వెళ్లి తెచ్చుకోవాల్సిన చోట పెడితే ఎవరికీ అందదు.

కొడుకు బిగుతు మేజోళ్ల మీద ప్యాంటు వేసుకుని, కాస్త కుంటుతూ పప్పు రుబ్బిన గిన్నె ఎక్కించాడు. పెద్దాయన జేబులోంచి పాత షేవింగు బ్రష్షు తీశాడు. కప్పులో సబ్బు నురగ చేసి, గొంతుక్కూచుని, ఒక్కో జాయింటుకి గడ్డానికి రాసినట్టు శ్రద్ధగా రాశాడు. వాల్వు తిప్పాడు. ముగ్గురం వంగి చూశాం. బుడగ రాలేదు.

ఇంకో నిమిషం ఆగాడు.

"ఎలిగించరా" అన్నాడు.