నాంపల్లిలో దిగి, ఆబిడ్సులో భోంచేసి...

మా మేనల్లుడూ, వాడి భార్యా ఈమధ్య ఓడ మీద విహారయాత్రకు వెళ్ళి వచ్చారు. ఏం చూశారర్రా అని అడిగితే సముద్రం గురించి రెండు ముక్కలు చెప్పి, భోజనం గురించి రెండు గంటలు చెప్పారు. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏదో ఒక హాల్లో ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉన్నారట. రాత్రి భోజనానికి అచ్చువేసిన మెనూ కార్డు, అదీ రోజుకొకటి! జ్ఞాపకార్థం ఒక కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు మా వాడు. పెళ్ళి శుభలేఖ కన్నా ఘనంగా ఉంది.

"ఇన్ని రకాలా! మరి రుచి ఎలా ఉందిరా?" అన్నాను.

వాడు భార్య మొహంలోకి చూశాడు. ఆ అమ్మాయి నవ్వి, "రెండోరోజు సాయంత్రానికే అన్నీ ఒకటే రుచిగా తోచాయి మావయ్యగారూ. ఇంత ఆవకాయ అన్నం తింటే బాగుండుననిపించింది. కాని ఎక్కడికి పోతాం? నడిసముద్రం కదా!" అంది.

నడిసముద్రం అన్న మాట నా మనసులో అలా ఉండిపోయింది. ఎందుకంటే, సరిగ్గా ఆ వారంలోనే మా నాన్నగారి పాత ట్రంకుపెట్టె దులుపుతూంటే ఆయన చిట్టా పుస్తకం ఒకటి బయటపడింది.

నాన్నగారు రాజమండ్రి మనిషి. 1953 లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు ముఖ్యపట్టణమైనప్పుడు గుమాస్తాగా అక్కడికి వెళ్ళారు. 1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశ్ అవతరించగానే కాగితాల కట్టలతోపాటు ఆయన్నీ హైదరాబాదుకు తరలించారు. కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడమే కష్టం. దొరికినా ఆ జీతానికి అందదు. అందుచేత అమ్మనూ, మరుసటి ఏడు పుట్టిన నన్నూ రాజమండ్రిలో తాతగారింట ఉంచి, ఆయన ఐదేళ్ళపాటు నాంపల్లిలో మరో ఇద్దరు గుమాస్తాలతో ఒకే గదిలో గడిపారు. ఆ ఐదేళ్ళలో బయట తిన్న ప్రతి ముద్దకూ చిట్టాలో లెక్క ఉంది.

అమ్మకు ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు. నాన్నగారి మీద ఆవిడకు జీవితమంతా ఒకే ఒక ఫిర్యాదు. "ఏం పెట్టినా తలవంచుకుని తిని లేచేవారు. బాగుందని గాని, బాగులేదని గాని ఒక్కనాడు నోరు విప్పితే ఒట్టు. ఆయనకు రుచి తెలియదురా" అంటుంది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ మాట మాత్రం ఇంకా పోలేదు.

రుచి తెలియని మనిషి ఇంత వివరంగా చిట్టా ఎందుకు రాశాడా అని నాకు ఆశ్చర్యం వేసింది. సరే, ఆయన తిన్న దారినే ఒకసారి తిని వద్దామని ఒక శనివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ బండి 1974 లో వచ్చింది. నాన్నగారి రోజుల్లో లేదు. తెల్లవారి నాంపల్లిలో దిగాను. రైల్వేవారి లెక్కలో ఆ స్టేషను పేరు హైదరాబాదు దక్కన్. 1907 లో నిజాం కట్టించినది. కాని ఊళ్ళోవాళ్ళకు అది ఎప్పటికీ నాంపల్లి స్టేషనే. ఇప్పుడు బయటికి రాగానే నెత్తిమీద మెట్రో రైలు పోతూంటుంది.

చిట్టాలో మొదటి పేజీల నిండా "ఇ.టీ." అని ఉంది. పొద్దున ఇ.టీ., సాయంత్రం ఇ.టీ. ఇదేం మందు చెప్మా అని రైల్లో తెగ ఆలోచించాను. స్టేషను ఎదుట నిలబడితే వాసనే జవాబు చెప్పింది. ఇరానీ టీ! మడి ఆచారాల ఇంట్లో ఆ చిట్టా ఎవరి కంటనైనా పడితే తంటా అని పొట్టి అక్షరాల్లో దాచారన్నమాట.

ఇరానీ హోటల్లో మెనూ కార్డు కోసం చూడనక్కరలేదు. వెనకటి రోజుల్లో పద్ధతి ఏమిటంటే, మీరు కూర్చోగానే కుర్రాడు బిస్కెట్లు, సమోసాలు ఉన్న ప్లేటు తెచ్చి బల్లమీద పెట్టి పోయేవాడు. ఆ ప్లేటే మెనూ. తిన్నవాటికి లెక్క కట్టి, మిగిలినవి వెనక్కి తీసుకుపోయేవాడు. టీ కూడా మనం ఇంట్లో కాచినట్టు కాదు. డికాక్షను ఒక గిన్నెలో, చిక్కగా మరిగిన పాలు వేరొక గిన్నెలో పొయ్యి మీదే ఉంటాయి. కప్పులో రెండూ కలుస్తాయి. దాంతో ఉస్మానియా బిస్కెట్టు, కొంచెం తీపి, కొంచెం ఉప్పు. నేను కప్పు ఖాళీచేసి, నాన్నగారి తరపున ఇంకో కప్పు తాగాను.

నాంపల్లి నుంచి ఆబిడ్సుకు స్టేషను రోడ్డు వెంట నడిచి పోవచ్చు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాను దగ్గర ఆంతరంగిక సేవకుడుగా ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది; పేరు నిలిచింది. నేను వెళ్ళింది ఆదివారం కాబట్టి పెద్ద షాపుల తలుపులు చాలా మటుకు మూసి ఉన్నాయి. వాటి ముందు పేవుమెంటు నిండా పాత పుస్తకాలు పరిచారు. పుస్తకాలు చూస్తూ, చిట్టా తిరగేస్తూ మెల్లిగా నడిచాను.

చిట్టాలో అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. నాన్నగారు రెండుపూటలా భోంచేసింది నాంపల్లిలోని ఒక మెస్సులో. దాని పేరు ఇక్కడెందుకు లెండి, అది మూతబడి ఎన్నో ఏళ్ళయింది. నెల మొదట్లో డబ్బు కట్టి కూపన్ల పుస్తకం తీసుకోవాలి. పూటకో కూపను చించి ఇవ్వాలి. గుమ్మంలో పలక మీద ఆనాటి వంటకాలు సుద్దతో రాసి పెట్టేవారట. నాన్నగారు ఆ పలక మీదిది ఒక వరుసలోనూ, విస్తట్లో పడింది రెండో వరుసలోనూ రాసుకున్నారు!

పలక: ముద్దపప్పు. విస్తరి: పప్పునీళ్ళు. పలక: వంకాయ కూర. విస్తరి: నిన్నటి దొండకాయ. పలక: పెరుగు. విస్తరి: "తెల్లగా ఉన్నది."

ఆ చివరి మాట చదివి ఆబిడ్సు పేవుమెంటు మీద ఒక్కణ్ణీ నిలబడి నవ్వాను. మాట్లాడని మనిషి ఎంత మాట రాశారు!

మధ్యలో 1957 ఏప్రిల్ 1 వచ్చింది. అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. "మూడణాలకు 19 నయాపైసలట. ఆ పావు పైసా ఎవరికి?" అని రాసుకున్నారు. లెక్కప్రకారం మూడణాలు 18 ముప్పాతిక నయాపైసలు మరి! పావు పైసాకు కూడా లెక్క అడిగిన మనిషి, పప్పునీళ్ళ గురించి మెస్సువాణ్ణి ఎందుకు అడగలేదు? దీనికి సమాధానం కూడా చిట్టాలోనే దొరికింది. ఒకచోట, "కూపన్లు 22 మిగిలి ఉన్నవి. ఏమనగలము?" అని ఉంది.

మా మేనకోడలు చెప్పిన నడిసముద్రం ఇదే కదండీ! ఓడ టిక్కెట్టులో భోజనం ఖర్చు ముందే కలిసి ఉంటుంది. రేవులో ఎక్కించుకున్న సరుకుతోనే వంట సాగాలి. దారిలో సంత ఉండదు. పక్కనే ఇంకో హోటలు ఉండదు. వండేవాళ్ళు మంచివాళ్ళయితే సరే సరి. కాకపోతే చేతిలో మెనూ కార్డు పట్టుకుని కూర్చోవలసిందే. నెల జీతం కూపన్లలో పెట్టిన గుమాస్తాకు నాంపల్లి నడిబజారు కూడా నడిసముద్రమే అయింది.

అయితే నెలకొక్క ఆదివారం మాత్రం నాన్నగారు ఓడ దిగి ఒడ్డుకు వచ్చేవారు. ఆ తేదీల ఎదుట, "ఆబిడ్సు, తాజ్‌మహల్. 2 ఇడ్లీ, 1 కాఫీ" అని ఉంది. ఈ తాజ్‌మహల్ గోరీ కాదు, 1948 లో మొదలైన శాకాహార హోటలు. మద్రాసు కాఫీ, సాంబారు కోసం మొగంవాచిన కోస్తా ఉద్యోగులకు అది పుట్టింటి లాంటిదని నాన్నగారి స్నేహితులు చెప్పగా చిన్నప్పుడు విన్నాను. నేనూ వెళ్ళి రెండిడ్లీ, ఒక కాఫీయే తెప్పించుకున్నాను. కార్డులో ఇంకా ఏవేవో ఉన్నా చూడలేదు. ఇడ్లీ వేలితో నొక్కితే మళ్ళీ లేచింది. సాంబారు పొగలు కక్కుతూ వచ్చింది. చిట్టాలో ఆ ఎంట్రీ పక్కన నాన్నగారు ఏ వ్యాఖ్యా రాయలేదు. కాని ఐదేళ్ళలో ఆ ఆదివారం ఒక్కటీ తప్పలేదు.

మధ్యాహ్నం ఒక సందులో చిన్న ఆంధ్రా మెస్సు కనిపిస్తే దూరాను. బోర్డు మీద నాలుగే వంటకాలున్నాయి. విస్తట్లోకి ఆ నాలుగూ వచ్చాయి. పైగా మారు అడక్కుండానే గోంగూర పచ్చడి వేశాడు సర్వరు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దమనిషికి డబ్బిస్తూ, "మజ్జిగ చిక్కగా ఉందండీ. నెలవారీ ఖాతాదారులకూ ఇదే మజ్జిగా?" అని అడిగాను.

ఆయన నా వంక వింతగా చూసి, "అందరికీ ఇదేనండి. ఎదర సందులో ఇంకో మెస్సు పెట్టారు. మాకు అసలైన ఇనస్పెక్టరు ఆయనే" అన్నాడు.

గోడమీద ప్రభుత్వం వారిచ్చిన లైసెన్సు పటం కూడా ఉంది. 2006 లో ఆహార భద్రతా చట్టం వచ్చాక హోటలువాళ్ళు ఇలా లైసెన్సు అందరికీ కనబడేట్టు పెట్టాలి. మంచిదే. కాని ఎదర సందు కూడా ఉండాలనే నాకు తోచింది. లేచి పోగలిగిన వాడికే మంచి మజ్జిగ దొరుకుతుంది కాబోలు.

ఎండ చల్లబడ్డాక మొజంజాహి మార్కెట్టు వైపు నడిచాను. 1935 లో రాతితో కట్టిన ఆ గడియారం గోపురం ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. దాని చుట్టూ ఐస్‌క్రీం దుకాణాలు. సీతాఫలాల కాలంలో అక్కడ చోటు దొరకదు. ఆ దగ్గరలోనే కరాచీ బేకరీ. దేశవిభజనలో సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953 లో పెట్టినది. చిట్టాలో ప్రతి జనవరి రెండోవారంలోనూ, "ఇంటికి బిస్కెట్లు" అని ఉంది. సంక్రాంతి ప్రయాణం అన్నమాట. నేనూ ఒక పెట్టె కట్టించుకుని, మార్కెట్టు మెట్లమీద కూర్చుని, ఆ ప్రయాణం తరవాతి పేజీ కోసం వెతికాను.

లేదు. బిస్కెట్ల తరవాత ఎప్పుడూ నాలుగైదు రోజులు ఖాళీ. ఇంట్లో తింటే ఖర్చు లేదు, రాయడానికేముంది అనుకున్నాను. పుస్తకం మూయబోతూ యథాలాపంగా వెనకనుంచి తిరగేశాను. అటు చివరనుంచి, పుస్తకం తలకిందులుగా పట్టుకుని రాసిన పేజీలున్నాయి. డబ్బు లెక్క లేదు. తేదీలు, వాటికింద వంటకాలు.

"కంది పచ్చడి. ముక్కల పులుసు. గుత్తివంకాయ, కారం సరిగా ఉన్నది. గడ్డ పెరుగు, కత్తితో కోయవచ్చును."

"పనసపొట్టు కూర, ఆవ పెట్టినది. రెండుసార్లు వడ్డించుకొన్నాను. మూడవసారి అడుగుటకు మొహమాటము వేసినది."

ఐదేళ్ళ పండుగలూ, ఐదేళ్ళ సెలవులూ ఆ వెనకపేజీల్లో ఉన్నాయి. నాంపల్లి మెస్సులో పప్పునీళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఆయన ఏ మెనూ చదువుకున్నారో నాకప్పుడు తెలిసింది. ఆ కాసేపూ మార్కెట్టు సందడి ఏదీ నా చెవిన పడలేదు.

ఆ రాత్రే బయలుదేరి, తెల్లవారి రాజమండ్రి చేరాను. అమ్మ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. స్నానమైనా చేయకుండా పక్కన కూర్చుని ఆ పేజీలు ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఇ.టీ. సంగతి మాత్రం ఎత్తలేదు. ఇన్నేళ్ళకు ఆయన గుట్టు నేనెందుకు బయటపెట్టాలి?

అమ్మ కదలకుండా వింది. పనసపొట్టు దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చాలాసేపటికి, "ఏరా, ఆ గడ్డ పెరుగు ఏ ఏడాదిది?" అంది.

"1959, సంక్రాంతి."

"ఆ వేళ తోడు సరిగ్గా పడలేదురా. మీ నాన్నగారు కోప్పడతారేమోనని భయపడుతూ వడ్డించాను" అని కాస్త ఆగి, "కత్తితో కోయవచ్చని రాశారూ? ఏదీ, ఆ ముక్క ఇంకోసారి చదువు" అంది.

చదివాను.