ముల్లు ఎక్కడ ఎక్కుతోంది?

మే నెల. బెజవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పదిహేనేళ్ల సెకండ్ హ్యాండ్ కారు. ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది; హైవే ఎక్కగానే దిగుతుంది. అనుభవమున్న మెకానిక్ ముందు చూసేది రేడియేటర్ ఫ్యాన్‌నే. పరుగులో ఎదురుగాలి చల్లబరుస్తుంది, నిలబడితే ఆ పని ఫ్యాన్‌దే. ఫ్యూజు, రిలే, మోటారు... ఏదో ఒకటి పోయి ఉండొచ్చు.

హైవే మీదే వేడెక్కితే లెక్క వేరు.

ఏళ్ల తరబడి పోసిన బోరునీళ్ల ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుని ఉండొచ్చు, వాటర్ పంపు అరిగి ఉండొచ్చు. ఇంజిన్ మరుగుతున్నా రేడియేటర్ కింది గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానం. చాలా కార్లలో అది 80-90 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోవడం, ఆయిల్‌లో పాల టీ రంగు... ఈ మూడూ కలిస్తే హెడ్ గ్యాస్కెట్ విప్పాల్సిందే. జేబుకు చిల్లు.

కొనేముందు రేడియేటర్ మూత తీసి చూడటం మేలు, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహానికి చిమ్ముతాయి. నీళ్లు తుప్పు రంగులో ఉంటే కూలెంట్ మార్చి చాలాకాలమైనట్టు. ముల్లునూ పూర్తిగా నమ్మలేం; కూలెంట్ ఖాళీ అయితే సెన్సర్‌కు వేడి అందక తక్కువే చూపించవచ్చు.