సెప్టెంబరు వసంతము

1972వ సంవత్సరమున నేను ఇథియోపియా దేశమునందలి దెబ్రె బిర్హాను పట్టణమున ఆంగ్లోపాధ్యాయుడనుగా నుంటిని. జూను పరీక్షలో "వసంత మెప్పుడు వచ్చును?" అను ప్రశ్నకు ఒక బాలిక "సెప్టెంబరులో" అని వ్రాసెను. నేను వేటపాలెమున చైత్రమాసమందు వేపపూత యేరుచు పెరిగినవాడను. చదివిన యాంగ్లపుస్తకములందును వసంతము మార్చినెలయందే. ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. ఆ యొక్క మార్కు తగ్గుటచే నామెకు తరగతిలో ప్రథమ బహుమానము దప్పెను.

వానకాలపు సెలవులు ఆడిస్ అబాబాలో గడపి, సెప్టెంబరు 10వ తేదీని బస్సులో తిరిగి వచ్చుచుంటిని. నూటముప్పది కిలోమీటర్ల దారి. వానలు వెనుకబట్టినవి. కొండవాలులు, బీళ్లు, గట్లు అన్నియు పసుపు ఆరబోసినట్లుండెను. తంగేడు పూచిన మన పుట్టలు జ్ఞప్తికి వచ్చెను. ప్రక్కనున్న వృద్ధుడు ఆ పూవు పేరు "అదే అబాబా" యని చెప్పెను. (మన "అదే" కాదు సుమా! అబాబా యనగా పూవు. ఆడిస్ అబాబా యనగా క్రొత్తపూవు.) వసంతము వచ్చినదనియు నతడే చెప్పెను. నేను మాఱు పలుకలేదు.

మఱునాడు వారి సంవత్సరాది. వారి లెక్కకు 1965 పుట్టెను. బాలికలు పాడుచు ఇంటింట పూలగుత్తు లిచ్చుచుండిరి. నాకు గుత్తి నిచ్చినది ఆ బాలికయే. బడి తెఱచిన దినముననే మార్కు దిద్దించితిని గాని, బహుమానపు పుస్తకము అప్పటికే వేఱొకరి యింట నుండెను.