అట్ట లోపలి పేరు

గత సంవత్సరం కార్తికమాసంలో బెంగళూరునుండి ఒక యువకుడు మా ఇంటికి వచ్చినాడు. పూర్వులు అనంతపురం ప్రాంతంవారట. తెలుగు చక్కగా మాట్లాడినాడు. పాత చందమామలను కొని భద్రపరచుట అతని వ్యసనం. ఆ మాట నాది కాదు, అతడన్నదే. మా మిద్దె కొన్నేండ్లుగా కారుచున్నది. అటకమీది కొయ్యపెట్టెలోని సంచికలకు చెద సోకకముందే ఎవరికైనా ఇచ్చివేయుడని మా అబ్బాయి హైదరాబాదునుండి పలుమారులు హెచ్చరించినాడు. ఆ సంగతి మన తెలుగు సంఘంలోని మిత్రులవల్ల విని ఈ యువకుడు వచ్చినాడు.

పెట్టె దించి ముందు పెట్టినాము. అతడు చేతులకు పలుచని తొడుగులు వేసికొని ఒక్కొక్క సంచికను తీసి, బొమ్మ చూడక, కథ చూడక, మొట్టమొదట అట్ట త్రిప్పి లోపలివైపు చూచుచుండెను. పెండ్లిచూపులకు వచ్చినవాడు పిల్లను విడిచి పెరటిగోడను పరీక్షించినట్లు తోచి నాకు నవ్వు వచ్చినది.

"ఏమి వెదకుచున్నావు నాయనా?" అన్నాను.

"పేర్లు, తాతగారూ. ఎవరైనా పేరు వ్రాసినారేమో అని."

పేరు వ్రాయని పుస్తకం మా ఇంట ఎట్లుండును? చక్రపాణి, నాగిరెడ్డిగార్లు 1947 జూలైలో మద్రాసునుండి చందమామను వెలువరించిననాటికి నేను నాలుగేండ్లవాడను. నాగిరెడ్డిగారు కడప మండలంవారు గనుక మా సీమవాని పత్రిక అని మా నాన్నగారికి మరింత అభిమానం. బ్రూసుపేటలో మా వీథిలో చందమామ తెప్పించు ఇండ్లు రెండో మూడో. చదువు ఇండ్లు ఇరవై. సంచిక వచ్చిన దినమే మా ఇంట చదువుట ముగియవలెను. మరునాడు అది ఎదురింటికి, అటనుండి ప్రక్క సందులోనికి ప్రయాణమగును. పరహస్తమునకు పోయిన పుస్తకం తిరిగి రాదని పెద్దలు ఊరక అనలేదు. అందువల్లనే అట్ట లోపల పేరు, తరగతి, వీథి, ఊరు, మండలం, రాష్ట్రం, ఇండియా, ఆసియాఖండం, భూగోళం వరకు వ్రాసి, దొంగిలించినవాని కండ్లు పోవునని ఒక శాపం కూడ తగిలించెడివారము. ఆ శాపానికి భయపడినవాడు ఒక్కడు లేడు.

యువకుడు ఆ వ్రాతలకు వెల కట్టు విధం నాకు విడమరచి చెప్పినాడు. పెన్సిలు వ్రాత పెద్ద దోషం కాదు. సిరా వ్రాత దోషం. లోపలి తెల్లని భాగంలో వ్రాసినచో కొంత తగ్గును. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రంమీదనే వ్రాసినచో చాల తగ్గును. చిత్రాగారో శంకర్‌గారో చేవ్రాలు చేసిన ప్రతి దొరికినచో వెల పెరుగును. బొమ్మల మీసాలకు రంగు దిద్దుట, ఫోటోలకు వ్యాఖ్యలు వ్రాసి పంపు పోటీకి ఆ ఫోటోల క్రిందనే చిత్తుప్రతి వ్రాసికొనుట, ఇవి అన్నియు తగ్గింపులే. మా తమ్ముడు ఆ పోటీకి ఎన్ని కార్డులు పంపినాడో లెక్క లేదు. బహుమానం ఒక్కనాడు రాలేదు గాని వాని చిత్తుప్రతులు మాత్రం పది సంచికలలో నేటికిని ఉన్నవి.

ఇక బైండు చేయించినవానిని అతడు ముట్టనే లేదు. 1955 మొదలు 1957 వరకు గల సంచికలను నాన్నగారు తోలు వెన్నుతో బైండు చేయించి, వెన్నుమీద బంగారు అక్షరాలు అద్దించి, వచ్చినవారికెల్ల చూపెడివారు. బైండరు అట్టలు తీసివేసి, అంచులు సమంగా కోసినాడు. ఆ కోతలో ఎన్నో పేర్ల మొదటి అక్షరాలు పోయినవి. గంజికి రామబాణపు పురుగు వచ్చినది. నాన్నగారు గౌరవమని చేయించినది నేటి బేరగానికి నాశనం!

అమెరికాలో ఈ శాస్త్రం మరింత ముదిరినదట. 1938లో సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికవంటివాటికి ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుచున్నవి గదా. అక్కడ 2000వ సంవత్సరంలో ఏర్పడిన సి.జి.సి. అను సంస్థ ఒకటి కామిక్ పుస్తకాలను పరీక్షించి, పదింటికి ఇన్నియని మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో ముద్రవేసి ఇచ్చును. ఆ పుస్తకాన్ని మరల తెరచి చదువుటకు వీలు లేదు. చదువుటకు వీలులేని పుస్తకానికి మార్కులు ఎందుకని అడిగితిని. అతడు నవ్వి ఊరకున్నాడు.

అయితే అక్కడనే ఒక విశేషం కలదు. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరిలో లామాంట్ లార్సన్ అను బాలునికి మందుల దుకాణంలో కామిక్ పుస్తకాలు కేటాయించి ఉంచెడివారు. ఇతరులకు అమ్మకుండుటకై అట్టలమీద పెన్సిలుతో ఆ బాలుని పేరు వ్రాసెడివారు. నేడు ఆ పేరున్న ప్రతులకు సేకరణదారులలో వెల తగ్గుటకు మారు పెరుగుచున్నది. ఆ పేరే వానికి గోత్రం. డెన్వరు నగరవాసి ఎడ్గర్ చర్చి అను చిత్రకారుడు దాచిన వేలాది పుస్తకాలు 1977లో బయటపడినప్పుడును ఇంతే. వాని అట్టలమీది పెన్సిలు గుర్తులే ఫలానా పుస్తకం ఆ పెట్టెలోనిదని సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇది విన్నప్పుడు మన తాళపత్రాలు జ్ఞప్తికి వచ్చినవి. గ్రంథం ముగిసినపిదప వ్రాయసకాడు తన పేరు, సంవత్సరం, తిథి, వారం వ్రాసికొనుట మన దేశాచారం. పండితులు ప్రతిని చేత పుచ్చుకొనగానే చివరి ఆకు తిరగవేయుట ఆ నాలుగు పంక్తులకొరకే. కావ్యం వేరొక ప్రతిలోనైనను దొరకును. ఆ నాలుగు పంక్తులు ఇంకెక్కడ దొరకును? చందమామ కథలును అంతే. పత్రిక ఆగిపోయి పదేండ్లు దాటినను దాని పాత సంచికల ఛాయాప్రతులు కంప్యూటరులో ఎవరికైనను లభించుచున్నవి.

యువకుడు సంచికలను మూడు దొంతరలుగా పేర్చినాడు: శుభ్రమైనవి, పేర్లున్నవి, పనికిమాలినవి. మూడవ దొంతర నా ముందుకు త్రోసినప్పుడు పైనున్న సంచిక వెనుకఅట్టమీద మా అమ్మ వ్రాసిన పాలపద్దు కనిపించినది. "సోమ శేరు, మంగళ శేరున్నర, బుధ లేదు" అని నెల పొడుగున ఉన్నది. మా అమ్మకు చదువు వచ్చునని మాకు తెలియును గాని ఆమె ఎన్నడును ఉత్తరం వ్రాసి ఎరుగదు. పుట్టినిల్లు ఈ ఊరే, మెట్టినిల్లు ఈ ఊరే, ఎవరికి వ్రాయవలెను? ఆ బుధవారం పాలు ఎందుకు రాలేదో నాకు తెలియదు. దానిని ప్రక్కన పెట్టినాను.

రెండవ దొంతరలో అతడు ఒక పేరువద్ద ఆగి, "ఇది తెలుగా, కన్నడమా తాతగారూ?" అన్నాడు. మా తమ్ముని పేరు రెండక్షరాలే. ఆ అక్షరాలు రెండు లిపులలోను ఇంచుమించు ఒకటే, తలకట్టులో మాత్రం భేదం. అక్క సంచికలమీద పేరు అచ్చమైన తెలుగులో ఉన్నది. బడిలో కన్నడం నేర్చిన తమ్ముని వ్రాతలో తలకట్టు అటూ ఇటూ కాక నడుమ నిలిచినది. ఈ ఊరి తెలుగు ఇండ్లలో అట్టి తలకట్టును చూడనివారెవరు?

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్లారి తాలూకా, మిశ్రాగారి నివేదిక పిదప, తక్కిన తాలూకాలతో మైసూరుకు పోయినది. మన పెద్దలు ఆ దినాలను గురించి చాల వ్రాసినారు. నేను దానిని పెంచను. నా వయస్సు అప్పుడు పదేండ్లు. నా సహాధ్యాయి ఒకడు, ప్రక్కసందువాడు. వాని పేరు ఇక్కడ అచ్చువేయుట భావ్యం కాదు. తండ్రి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆంధ్రరాష్ట్రం కోరుకొనగా కర్నూలికి వేసినారు. అక్కడ కచేరీలు గుడారాలలో నడుచునట అని మేము వింతగా చెప్పుకొంటిమి. బయలుదేరుటకు ముందటి సాయంకాలం వాడు ఆగస్టు సంచికను నా చేతిలో పెట్టి, "దసరా సెలవులకు వత్తును, అప్పుడిమ్ము" అన్నాడు.

దసరా వచ్చినది. వాడు రాలేదు. సంక్రాంతికిని రాలేదు. అప్పుడు నేను అట్ట లోపల వాడు పెన్సిలుతో వ్రాసికొన్న పేరును రబ్బరుతో చెరిపి, దానిమీద నా పేరు సిరాతో వ్రాసినాను. డెబ్బదియేండ్లు అది నా పుస్తకమే.

ఆ సంచిక యువకుని చేతికి వచ్చినది. అతడు తన ఫోను దీపం వెలిగించి, కాగితానికి ఏటవాలుగా పట్టి చూచినాడు. "ఇక్కడ వేరొక పేరు ఉండెను" అన్నాడు. నేను కండ్లద్దాలు సవరించుకొని వంగినాను. నా సిరా అక్షరాల క్రింద పెన్సిలు ఒత్తిన గాడులు నీడలు పట్టి లేచినవి. ఇంటిపేరు మొదలు చివరి సున్న వరకు స్పష్టంగా ఉన్నది. పిల్లవాడు పెన్సిలును బలంగా నొక్కి వ్రాసినాడు గాబోలు.

"పేరున్నచో కొంచెమే తగ్గింతును. చెరిపి మరల వ్రాసినచో సగం తగ్గించవలసియుండును. చెరిపినచోట కాగితం పలుచబడును, చూడండి."

ఆ సంచిక అమ్మనని చెప్పినాను. సగం వెల చాలదని నేను అలిగితిననుకొని, అతడు మరికొంత పెంచినాడు. కారణం చెప్పుటకు నోరు రాలేదు. తక్కిన వానిలో శుభ్రమైనవి, పేర్లున్నవి చాలవరకు కొనిపోయినాడు, న్యాయంగానే డబ్బిచ్చినాడు. మిద్దెకు ఆ డబ్బు పనికివచ్చినది.

పిదప కర్నూలులోని బంధువులద్వారా విచారింపగా నా సహాధ్యాయి గతించి ఆరేండ్లయినదని, కుమారుడు హైదరాబాదులో ఉద్యోగమని తెలిసినది. సంచికను అట్టముక్కల నడుమ పెట్టి, జరిగినది దాచక ఒక జాబు వ్రాసి, స్పీడ్‌పోస్టులో పంపినాను. కుమారుడు వారం దాటిన పిదప ఫోను చేసినాడు. మర్యాదగలవాడు. దొంగతనం మాట ఎత్తలేదు. వాళ్ల నాన్న చిన్ననాటి వ్రాత తమ ఇంట ఏదియు లేదని, జాబు చదివి పుస్తకం ఎంత చూచినను తమకు నా పేరే కనబడుచున్నదని అన్నాడు.

సాయంకాలం ఎండ వాలినప్పుడు పడమటి కిటికీవద్దకు తీసికొనిపోయి, అట్టను కంటిమట్టానికి ఎత్తి, కొంచెం వంచి పట్టుమని చెప్పినాను. నా పేరులోని మొదటి అక్షరానికి ఎడమప్రక్కనుండి వెదకుమన్నాను.