మన్ననూర్ దారిలో మోదుగ గింజలు

డిండి దాటి మన్ననూర్ వైపు పోతుంటే రోడ్డు పక్క బీడులో గొర్రెల మంద కనిపించింది. శ్రావణమాసం, చుట్టూ పచ్చగడ్డి. టైం ఎనిమిదిన్నర. అయినా తాత గొర్రెల్ని వల దడి లోపలే ఆపేశాడు. బైక్ పక్కకు పెట్టి అడిగా.

"ఇంకా మేతకు ఇడవలేదేంది తాతా?"

"తడి ఆరాలె బిడ్డా. తడిగడ్డి మేస్తే నట్టలు పడ్తయి."

ఉత్త నమ్మకమేం కాదిది. పెంటికల్లో పడ్డ నట్టల గుడ్లు వానాకాలంలో వారం పదిరోజుల్లో పిల్ల పురుగులవుతాయి. తడి ఉంటే గడ్డి పరకల మీదికి పాకుతాయి. వాటిలో ఒక రకం గొర్రె నాలుగో పొట్టలో చేరి రక్తమే తాగుతుంది. అందుకే తాత ఒక్కోదాన్ని పట్టి కంటి కింది రెప్ప లాగి చూస్తున్నాడు. ఎర్రగా ఉంటే సరే, పాలిపోతే అనుమానమే. (సెల్ఫీ కెమెరాలో నా రెప్పా చూసుకున్నా. ఎర్రగానే ఉంది.)

ఆయన మూటలో మోదుగ గింజలున్నాయి. ఫాల్గుణంలో నిప్పు రంగులో పూస్తుందే, ఆ చెట్టువి. చపట కాయ, కాయకు ఒక్కటే గింజ. ఎండాకాలం ఏరిపెట్టుకుని, నూరి, బెల్లం నీళ్లలో కలిపి వెదురు గొట్టంతో తాపుతాడట. గింజలోని పాలసోనిన్ అనే పదార్థానికి నట్టల్ని చంపే గుణం ఉంది. కానీ ఏ గింజలో ఎంతుందో కంటికి తెలీదు, ఎక్కువైతే గొర్రెకే ముప్పు. కొలత అడిగితే తాత అరచెయ్యి చూపించాడు. "మా నాయన గింతే తాపేటోడు."

మూడు రోజుల కింద తాపిన పిల్ల ఒకటి మూలన పడుంది. రెప్ప సున్నం కొట్టినట్టుంది. దవడ కింద నీరు దిగింది.

"దవాఖానకు తీస్కపోదాం తాతా."

"పోయినేడు కొన్న మందు పనిచెయ్యలె బిడ్డా."

అబద్ధం కాకపోవచ్చు. ఒకే మందు ఏళ్లతరబడి తాపితే నట్టలు దానికి అలవాటు పడిపోతాయి. అప్పుడు మందు మార్చాలి. ఏది ఇవ్వాలో పెంటికలు పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి.

చివరికి మనవడు పిల్లను గొంగట్లో చుట్టుకుని నా వెనక ఎక్కాడు. బండి అచ్చంపేట వైపు తిప్పా. అక్కడ వేరే మందు తాపారు, రక్తం పట్టడానికి సూది వేశారు. ఇంకో రోజు ఆగుంటే కష్టమయ్యేదట.

మర్నాడు పొద్దున శ్రీశైలంలో ఉండగా వాట్సాప్‌లో వీడియో వచ్చింది. పిల్ల లేచి నిలబడింది, ఇంకా మేయట్లేదు. వెనక మంద మాత్రం దడి లోపలే ఉంది. టైం ఎనిమిది దాటింది.