నాయనమ్మతో నాగార్జునకొండకి

ఆన్‌సైట్ వెళ్లిన మా టీమ్ ఫ్రెండ్ ఒకడు ఇంగ్లాండ్ నుంచి ఫొటోలు పెట్టాడు. లిండిస్‌ఫార్న్ అట, చిన్న దీవి. సముద్రం పోటెత్తినప్పుడల్లా దారి మునిగిపోతుంది, ఆటుకి మళ్లీ తేలుతుంది. క్రీ.శ. 635లో అక్కడ క్రైస్తవ మఠం వెలిసిందట. లైక్ కొట్టాక సిగ్గేసింది. మాది పిడుగురాళ్ల. అంతకన్నా మూడొందల ఏళ్ల పాత చరిత్ర ఉన్న దీవి మా పల్నాడులోనే ఉంది. నాకు ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా నాగార్జునకొండ చూడలేదు!

ఇంట్లో ఈ మాట అంటే నాయనమ్మ అందుకుంది. "నన్నూ తీసుకుపోరా. ఆ డ్యామ్‌కి నేను రాళ్లు మోశా."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

శనివారం పొద్దున్నే కారులో బయల్దేరాం. దారంతా పత్తి, మిరప చేలు. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కాం. దాదాపు గంట ప్రయాణం. కుర్రాళ్లంతా సెల్ఫీల్లో ఉంటే నాయనమ్మ నీళ్లలోకే చూస్తూ కూర్చుంది. "దీని కింద ఊళ్లున్నాయిరా" అంది.

నిజమే. మనం దీవి అంటున్నది ఒకప్పటి కొండ. దాని కింది లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. స్తూపాలు, విహారాలు, గుళ్లు, కృష్ణ ఒడ్డున స్నానఘట్టాలు. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు తవ్వకాలు పూర్తి చేయాలని పురావస్తు శాఖ పరుగులు పెట్టింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని రాయి రాయీ విప్పి కొండమీద మళ్లీ పేర్చారు. మరికొన్నిటిని ఒడ్డునున్న అనుపులో తిరిగి కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ దీవికీ పోటూ ఆటూ ఉన్నాయి, కాకపోతే ఏడాదికోసారి. నీటిమట్టం 590 అడుగులకు చేరితే ఒడ్డు దగ్గరికొస్తుంది, ఎండాకాలం దూరం జరుగుతుంది.

లాంచీ వాళ్లు గంటలో వచ్చేయమన్నారు. నాయనమ్మ నడకకి మ్యూజియం ఒక్కటే అయింది. లేతాకుపచ్చ రంగు శిల్పాల ముందు ఆగి, "ఇది మన సున్నపురాయేగా!" అంది. అవును, పల్నాటి రాయే. మా ఊరి బట్టీల్లో కాల్చి సున్నం చేసేదీ ఆ జాతి రాయినే.

ఒక శాసనం దగ్గర "ఏం రాసుందిరా?" అని అడిగింది. శాంతిశ్రీ గురించి చెప్పా. వీరపురుషదత్తుడి మేనత్త, ఇక్కడి మహాచైత్యానికి దాత. ఇక్కడి శాసనాల్లో దానాలిచ్చిన ఆడవాళ్ల పేర్లు చాలానే ఉన్నాయి.

"మరి రాళ్లు మోసినోళ్ల పేర్లో?"

నా దగ్గర జవాబు లేదు. ఈలోగా లాంచీ హారన్ కొట్టింది.

మీరూ వెళ్లాలనుకుంటే, శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువగా ఉన్నా, జనం తక్కువైనా లాంచీలు ఆపేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు. టైముంటే అనుపు కూడా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి.

తిరుగు ప్రయాణంలో నాయనమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశా. తన పేరు, పుట్టిన ఊరు, ఎన్నేళ్లకి పనిలోకి వచ్చిందీ, గుడిసె ఎక్కడ వేసుకుందీ, పక్కన తట్ట మోసిన ఆడవాళ్ల పేర్లూ ఒక్కొక్కటే చెప్పింది. ఏడు పేర్లు గుర్తున్నాయి. ఎనిమిదో పేరు దగ్గర ఆగిపోయి, ఒడ్డు వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉంది.